శిశువు నడక, నడవడి: ఆటలో అరటిపండుకు ఉన్న విలువ

వైద్యుని వద్దకు బిడ్డను తీసుకువచ్చే తల్లిదండ్రులు సాధారణంగా దగ్గు, ఆకలిమందం, నులిపురుగులు, నిద్ర పట్టకపోవడం వంటి బాధలు చెబుతారు. ఇటీవలి సంవత్సరాలలో వీటితోపాటు మరొక మాట తరచుగా వినవస్తున్నది. "మావాడు ఎవరితోనూ కలవడండీ. పదిమంది పిల్లలలో విడిచిపెడితే మూలకు వెళ్ళి నిలుచుంటాడు" అంటారు. దీనికి విరుద్ధమైన ఫిర్యాదు కూడా ఉన్నది. "మా అమ్మాయి దగ్గరికి ఏ పిల్లలూ రారు. తోసేస్తుంది, మీద పడుతుంది" అంటారు. అప్పటికే మొదటి బిడ్డకు బిడియస్థుడని, రెండవ బిడ్డకు దురుసు పిల్ల అని ఇంటిల్లిపాదీ పేరు పెట్టి ఉంటారు. ఒకరికి ధైర్యం కలగడానికి, మరొకరికి శాంతం కలగడానికి మందు ఇమ్మని అడుగుతారు.

మందుల మాట తరువాత చూద్దాము. మూడేళ్ళు నిండి ఆరేళ్ళు నిండని బిడ్డలలో ఈ రెండు లక్షణాలకూ మూలం అనేక సందర్భాలలో కాళ్ళలోను, చేతులలోను, శరీరపు నిలకడలోను కనిపిస్తుంది. దానిని గుర్తించక బిడ్డ స్వభావాన్నే తప్పు పట్టడం జరుగుతున్నది. తెలుగులో నడక, నడవడి అనే మాటలు రెండూ ఒకే కుదురు నుంచి వచ్చినవి. ఈ వయసు పిల్లల విషయంలో వాటిని విడదీసి చూడడం సాధ్యం కాదు.

శాస్త్రదృష్టి

అష్టాంగ ఆయుర్వేదంలో శిశుపోషణకు, శిశురోగాలకు సంబంధించిన అంగం కౌమారభృత్యం. సుశ్రుతుడు బాల్యాన్ని క్షీరపుడు, క్షీరాన్నాదుడు, అన్నాదుడు అని మూడు దశలుగా చెప్పాడు. ఏడాది వరకు పాలు మాత్రమే, రెండేళ్ళ వరకు పాలు, అన్నం, ఆ తరువాత అన్నమే ప్రధానాహారం. మనం మాట్లాడుకుంటున్న పిల్లలు అన్నాద దశలో మొదటి మెట్టు మీద ఉన్నవారు. బాల్యంలో కఫం ప్రధానం. శరీరం పెరగడానికి అది అవసరమే. అయితే ఆ శరీరాన్ని కదిలించేది వాయువు. నడవడం, చేయి ఎత్తడం, దించడం, రెప్ప వేయడం, తెరవడం అనే క్రియలన్నీ వ్యానవాయువు అధీనంలో ఉన్నవని వాగ్భటుడు చెప్పాడు. బుద్ధిని, ఇంద్రియాలను, మనస్సును ధరించేది ప్రాణవాయువని కూడా అదే చోట చెప్పాడు. అనగా అవయవాల కదలికను, మనోవ్యాపారాన్ని మన ప్రాచీనులు ఒకే వాయువు యొక్క రెండు పనులుగా గ్రహించారు.

ఇక్కడ పాఠకులు ఒక సందేహం అడుగవచ్చును. అష్టాంగహృదయం సూత్రస్థానంలో వ్యాయామం చేయదగనివారి జాబితాలో బాలుడు కూడా ఉన్నాడు కదా, పిల్లలను పరుగెత్తించమనడం శాస్త్రవిరుద్ధం కాదా అని. కాదు. వ్యాయామం అంటే శరీరానికి ఆయాసం కలిగించే ఉద్దేశంతో పట్టుబట్టి చేసే పని. క్రీడ వేరు. అలసిన క్షణాన బిడ్డ తానే కూలబడి, తేరుకున్న క్షణాన తానే లేచేది క్రీడ. చరకుడు శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో ఆటవస్తువులు ఎట్లా ఉండవలెనో ప్రత్యేకంగా వివరించాడు. అవి రంగురంగులుగా, తేలికగా, చప్పుడు చేసేవిగా, ముచ్చటగా ఉండవలెనని, మొన తేలినవి, నోటిలోకి పోయేవి, ప్రాణభయం కలిగించేవి, బిడ్డను బెదరగొట్టేవి కారాదని నియమం పెట్టాడు. ఆట అనవసరమని తలచినవాడు ఆటవస్తువుకు ఇన్ని నియమాలు పెట్టడు కదా! అంకుడు కర్రతో చేసే మన ఏటికొప్పాక లక్కబొమ్మలు ఈ లక్షణాలకు చక్కగా సరిపోతాయి.

నాలుగేళ్ళ బిడ్డను మైదానంలో నిలబెట్టి, ఈల వేసి, చుట్లు లెక్కపెట్టి పరుగెత్తించే శిక్షణలు ఇప్పుడు నగరాలలో బయలుదేరినవి. వాగ్భటుడు వద్దన్నది అటువంటి దానినే అని నా అభిప్రాయం.

ఏ వయసుకు ఏ నేర్పు

మూడేళ్ళు నిండిన బిడ్డ ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క పాదం వేసి మెట్లు ఎక్కగలుగుతుంది. మూడు చక్రాల సైకిలు తొక్కుతుంది. ఒంటికాలి మీద క్షణకాలం నిలువగలుగుతుంది. సున్న చుట్టగలుగుతుంది. నాలుగేళ్ళకు కుంటగలుగుతుంది, పాదం మార్చి పాదం వేస్తూ మెట్లు దిగుతుంది, పెద్ద బంతిని వేస్తే చాలాసార్లు పట్టుకుంటుంది, కూడిక గుర్తు వంటి గీతలు గీస్తుంది. ఐదేళ్ళకు ఒంటికాలి మీద పది సెకన్ల వరకు నిలిచి, గెంతుతూ పరుగెత్తి, త్రికోణం గీసే స్థితికి వస్తుంది. ఇవి స్థూలంగా చెప్పిన కొలతలు. రెండు మూడు నెలల తేడాకు కంగారు పడనవసరం లేదు.

సాంఘికమైన ఎదుగుదల కూడా ఇదే కాలంలో మెట్లెక్కుతుంది. అమెరికాలో మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు శిశువిద్యాలయపు పిల్లలు ఆడుకోవడాన్ని ఓపికగా గమనించి 1932లో ప్రకటించిన క్రమం నేటికీ పాఠ్యగ్రంథాలలో ఉన్నది. పసిబిడ్డ తొలుత ఒంటరిగా ఆడుకుంటుంది, లేదా ఇతరుల ఆట చూస్తుంది. తరువాత మరొక బిడ్డ పక్కనే కూర్చుండి ఎవరి ఆట వారు ఆడతారు. పిమ్మట వస్తువులు ఇచ్చిపుచ్చుకుంటూ ఆడతారు. చివరకు నాలుగైదేళ్ళ ప్రాంతంలో "నువ్వు దొంగవు, నేను దాక్కుంటాను" అని పని పంచుకుని ఒకే ఆట ఆడతారు. కనుక మూడేళ్ళ బిడ్డ పక్కనే కూర్చుండి తన ఆట తాను ఆడుకుంటే దానిని కలవకపోవడం అనరాదు. ఆ వయసుకు అదే కలయిక.

ఈ రెండు మెట్ల వరుసలు ఒకదానినొకటి పట్టుకుని ఉంటాయి. పిల్లల లోకంలో స్నేహం మాటలతో కన్న ముందుగా ఆటతో కుదురుతుంది. బంతి పట్టలేని వానికి రెండు మూడుసార్లు వేసి చూసి, తరువాత ఎవరూ వేయరు. అది వారి దుర్మార్గం కాదు, ఆట సాగవలెనన్న తొందర. బంతి రానివానికి అభ్యాసం ఉండదు. అభ్యాసం లేనివానికి బంతి రాదు. కొద్ది మాసాలలో ఆ బిడ్డ మూలకు చేరుతాడు. పెద్దలు వచ్చి చూసి బిడియస్థుడంటారు.

దురుసు పిల్ల సంగతి కూడా ఇంతే. పరుగెత్తడం కన్న పరుగును ఆపడం కష్టమైన నేర్పు. నిలువవలసిన గీత వద్ద నిలువలేని బిడ్డ ఎదుటివారి మీద పడుతుంది. చేతిలో ఎంత బలం వాడవలెనో తెలియని బిడ్డ తాకబోయి తోస్తుంది. పిల్లలు "స్టాచ్యూ" అనగానే కదలక నిలిచే ఆట మీరు చూసే ఉంటారు. కాలికి ఆగడం నేర్పే ఆ ఆటే కోపానికి ఆగడం కూడా నేర్పుతుంది.

మన ఆటలలో ఉన్న వైద్యం

ఒప్పులకుప్ప ఆడే ఇద్దరు పిల్లలను గమనించండి. ఎదురెదురుగా నిలిచి, చేతులు పెనవేసి పట్టుకుని, పాదాలు దగ్గరగా చేర్చి, వెనుకకు వాలి గిరగిర తిరుగుతారు. ఒకరి బరువుకు మరొకరి బరువే ఆధారం. ఒకరు గట్టిగా లాగినా, చేయి సడలించినా ఇద్దరూ పడతారు. ఎదుటి మనిషి వేగాన్ని తన శరీరంతో గ్రహించడం, నమ్మి వాలడం అనే రెండు విద్యలను ఇంత సులభంగా నేర్పే పద్ధతి నాకు తెలిసి మరొకటి లేదు. చెమ్మచెక్కలో చేతుల లయ కలవవలెను. కాళ్ళగజ్జె ఆటలో వరుసగా కాళ్ళు చాపుకుని కూర్చుండి తన వంతు వచ్చేవరకు ఓపిక పట్టవలెను. నాలుగు స్తంభాలాటలో ఎదుటి స్తంభం వద్ద ఉన్నవానితో కంటిచూపుతోనే ఒప్పందం చేసుకుని ఒకేసారి పరుగు తీయవలెను. ఐదేళ్ళు దాటినవారికి తొక్కుడుబిళ్ళ ఉన్నది. అందులో కుంటడమే గాక, గీత తొక్కితే తానే ఒప్పుకుని పక్కకు తప్పుకోవడం కూడా నేర్చుకుంటారు.

ఈ ఆటలలో ఆడపిల్లలవి, మగపిల్లలవి అని తేడా పాటించడం ఈ వయసులో కూడదు. పరుగెత్తే ఆడపిల్లను కూర్చోబెట్టడం, చెమ్మచెక్క ఆడే మగపిల్లవానిని ఎగతాళి చేయడం రెండూ బిడ్డకు అందవలసిన ఆహారంలో సగం తీసివేయడం వంటివి.

వీటన్నిటికంటె విలువైన ఏర్పాటు మరొకటి మన వీధులలో ఉండేది. ఆట రాని చిన్నవానిని పెద్ద పిల్లలు వెళ్ళగొట్టేవారు కాదు, "వీడు ఆటలో అరటిపండు" అనేవారు. వాడు దొరికినా దొంగ కాడు, తప్పినా ఔట్ కాడు. అందరితోపాటు పరుగెత్తుతాడు, దాక్కుంటాడు, పడతాడు, లేస్తాడు. ఓటమి భయం లేకుండా ఏడాది రెండేళ్ళు అభ్యాసం చేసి, ఒకనాడు తానే "నేను అరటిపండు కాను" అని ఎదురు తిరుగుతాడు. అప్పటికి వానికి ఆట వచ్చినట్లే. పెద్ద పిల్లలకు కూడా చిన్నవాని అడుగుకు తమ అడుగు తగ్గించుకోవడం అలవాటవుతుంది.

నేడు అపార్టుమెంట్లలోను, నర్సరీ తరగతులలోను ఈ పదవి లేకుండా పోయింది. ఒకే ఈడు పిల్లలను ఇరవైమందిని ఒక గదిలో చేరిస్తే అందరూ నేర్చుకునేవారే, సర్దుకుపోయేవారు ఒక్కరూ ఉండరు. దానికి తోడు పుట్టినరోజు పండుగలలో, బడి వార్షికోత్సవాలలో కుర్చీలాట ఆడిస్తున్నారు. ఆ ఆటలో ముందుగా బయటకు పోయేది ఎవరు? నిదానపు బిడ్డ. ఎక్కువసేపు ఆడవలసిన వానిని మొదటి నిమిషంలోనే గోడవారకు పంపి, వచ్చినవానిని చివరిదాకా ఆడించడం ఏమి న్యాయమో నాకు అర్థం కాదు. ఐదేళ్ళలోపు వారికి ఎవరినీ బయటకు పంపని ఆటలే ఆడించవలెను. ఒక్కొక్క కుర్చీ తీసివేసినప్పుడల్లా మిగిలినవాటిలోనే పిల్లలందరూ సర్దుకుని కూర్చోవలెనని నియమం మార్చి చూడండి. ఆ సందడి చూడతగినది.

ఒక బాలుని వృత్తాంతం

కొంతకాలం క్రితం ఒక దంపతులు నాలుగున్నరేళ్ళ కుమారుని తీసుకువచ్చారు. మాట స్పష్టంగా ఉన్నది, కథలు చక్కగా చెబుతాడు. అయినా వాడు చదివే బడివారు "ఇతర పిల్లలతో కలిసే పరిణతి లేదు, మరొక సంవత్సరం అదే తరగతిలో ఉంచండి" అని వ్రాసి పంపారు. తల్లి చుట్టాల ఇళ్ళలో శుభకార్యాలకు కూడా వానిని తీసుకువెళ్ళడం మానింది. "బాబుకు బుద్ధిమాంద్యమా, గురువుగారూ?" అని అడిగేటప్పుడు ఆమె గొంతు వణికింది.

శిశువైద్యుడు అప్పటికే పరీక్షించి వినికిడి, చూపు, కండరాల బలం సరిగా ఉన్నవని చెప్పాడు. నేను బాలుని చెప్పులు విప్పించి అరుగు మీద నిలబెట్టాను. ఒంటికాలిపై రెప్పపాటు కూడా నిలువలేదు. బంతి వేస్తే కళ్ళు మూసుకున్నాడు, అది రొమ్ముకు తగిలి కింద పడింది. దినచర్య అడిగితే విషయం బయటపడింది. నివాసం నాలుగవ అంతస్తు, ఎక్కడం దిగడం లిఫ్టులో. నాయనమ్మ సెల్‌ఫోను చూపిస్తూ అన్నం నోటికి అందిస్తుంది. చొక్కా తల్లి తొడుగుతుంది, చెప్పులు తండ్రి తొడుగుతాడు. ప్రేమకు లోటు లేదు, ఆ ప్రేమ వాని చేతికీ కాలికీ పని లేకుండా చేసింది.

మందు ఇవ్వలేదు. మెట్లు నడిచి దిగడం, అన్నం తానే కలుపుకుని తినడం, గుండీలు తానే పెట్టుకోవడం మొదలుపెట్టించాను. నేల మీద ముగ్గుపిండితో ఒక నిలువు గీత గీసి దాని మీద అడుగులో అడుగు వేయించమన్నాను. బంతిని మొదటి వారం నేల మీద దొర్లించడమే, తరువాత పాత చీర చుట్టిన మెత్తని గుడ్డబంతి, ఆ తరువాతనే రబ్బరుబంతి. ఎదురుగా మూడడుగుల దూరంలో తాతగారు. ఇరవై రోజుల తరువాత అదే భవనంలో ఉన్న ఎనిమిదేళ్ళ, తొమ్మిదేళ్ళ ఆడపిల్లలు ఇద్దరిని పిలిపించి, అరటిపండు అంటే ఏమిటో తల్లి చేతనే చెప్పించాను. ఆ పిల్లలకు ఆ మాటే కొత్త. కాని ఆ బాధ్యతను ఎంతో గర్వంగా స్వీకరించారట.

రెండున్నర నెలలకు తిరిగి వచ్చారు. బాలుడు వేగంగా పరుగెత్తే స్థితికి రాలేదు, కుంటడం నాలుగైదు అడుగులకు మించలేదు. కాని సాయంకాలం ఐదు కాగానే కింది నుంచి వాని పేరు పెట్టి పిల్లలు కేక వేస్తున్నారని తల్లి చెప్పింది.

ఇంటిలో పాటించవలసినవి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లలకు కొన్ని ప్రమాణాలు ప్రకటించింది. వాటి ప్రకారం మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రూపంలో శరీరాన్ని కదిలిస్తూ ఉండవలెను. అందులో కనీసం 60 నిమిషాలు పరుగు, గెంతు వంటి చురుకైన ఆట ఉండవలెను. కూర్చుండి తెర చూడడం 60 నిమిషాలకు మించరాదు, ఎంత తగ్గితే అంత మేలు. పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర అవసరం. 180 నిమిషాలని వినగానే బెదరవద్దు. మెట్లు, మొక్కలకు నీరు పోయడం, బజారుకు నడిచి వెళ్ళడం, విస్తళ్ళు వేయడం, బట్టలు మడవడం అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి.

కొత్త ఆటలోకి బిడ్డను ఒక్కసారిగా గుంపులో తోయరాదు. మొదట ఇంటి పెద్ద ఒకరు, తరువాత రెండు మూడేళ్ళు పెద్దదైన ఒక బిడ్డ, పిమ్మట ఇద్దరు ముగ్గురు అనే క్రమం మంచిది. "చూడు, పక్కింటి పాప ఎట్లా ఎగురుతున్నదో" అన్న మాట ఇంటిలో వినిపించరాదు. బూచాడు వస్తాడని భయపెట్టడాన్ని చరకుడు స్పష్టంగా నిషేధించాడు. బూచాడి భయంతో పెరిగిన బిడ్డ చీకటి మూలలో దాక్కోవలసిన దాగుడుమూతలు ఎట్లా ఆడగలడు?

అక్షరాల విషయమై ఒక మాట. మూడేళ్ళకే పెన్సిలు పట్టించి అక్షరాలు దిద్దించడం మణికట్టుకు, మనస్సుకు కూడా భారం. భుజం, మోచేయి, మణికట్టు వరుసగా గట్టిపడిన తరువాతనే వ్రేళ్ళకు నేర్పు వస్తుంది. చపాతీపిండి పిసకడం, బఠాణీలు ఒలవడం, పూసలు గుచ్చడం ఆ వయసుకు తగిన దస్తూరి. పూసలు గుచ్చేటప్పుడు మాత్రం పక్కన పెద్దవారు ఉండితీరవలెను. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఈ మూడేళ్ళ చదువును ఆటపాటలతోనే సాగించమని చెప్పింది.

వారానికి రెండు పర్యాయాలు గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగనం చేసి, అరగంట తరువాత సున్నిపిండితో స్నానం చేయించవలెను. వేసవిలో కొబ్బరినూనె వాడవచ్చును. అభ్యంగనం వాతాన్ని శమింపజేసి, శరీరానికి దార్ఢ్యాన్ని, నిద్రను ఇస్తుందని శాస్త్రం. తన శరీరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తల్లి అరచేయి ద్వారా బిడ్డకు తెలియడం కూడా దానిలో ఉన్న లాభమే. జ్వరం, జలుబు, అజీర్ణం ఉన్నప్పుడు, అన్నం తిన్న వెంటనే అభ్యంగనం పనికిరాదు. ముక్కులో, చెవులలో నూనె పోయరాదు. ఆటకు వెళ్ళే బిడ్డకు రాగిజావ, నువ్వుల ఉండ, తోటకూర పప్పు వంటివి తగిన ఆహారం. ఆడుతూనే త్వరగా అలసి కూర్చుండే బిడ్డకు కంటి కింది రెప్ప లోపల పాలిపోయి ఉంటే పాండురోగం ఉన్నదేమో రక్తపరీక్ష చేయించి తెలుసుకోవలెను.

ఉపేక్షించరాని లక్షణాలు

కొన్ని సందర్భాలలో ఆటతో కాలయాపన చేయడం అపాయకరం. వచ్చిన నడక, వచ్చిన మాట వెనుకకు పోవడం, ఒక వైపు చేయి కాలు మాత్రమే వాడడం, పిలిస్తే పలుకకపోవడం, కంటిలో కన్ను పెట్టి చూడకపోవడం, నాలుగేళ్ళు వచ్చినా ఏ బిడ్డ మీదా ఆసక్తి లేకపోవడం అటువంటివి. ముఖ్యంగా మగపిల్లలలో, నేల మీద నుంచి లేచేటప్పుడు మోకాళ్ళ మీద, తొడల మీద చేతులు మోపి తన శరీరం మీద తానే ఎగబ్రాకినట్లు లేస్తూ, పిక్కలు మాత్రం లావుగా కనిపిస్తే అది కండరాల వ్యాధికి సూచన కావచ్చును. వీరిని వెంటనే శిశువైద్య నిపుణునికి చూపవలెను. ఇక ఏ వ్యాధీ లేకుండానే శరీరపు పొందిక అలవడని పిల్లలు బడియీడు వారిలో వందకు ఐదారుగురు ఉంటారు. ఐదేళ్ళు నిండకముందు సాధారణంగా ఆ నిర్ధారణ చేయరు. ఆ తరువాత కూడా తడబాటు తగ్గకపోతే, అటువంటి పిల్లలకు అభ్యాసం చేయించే నిపుణులు పెద్ద ఆసుపత్రులలో ఉన్నారు.

బ్రాహ్మి, శంఖపుష్పి, సారస్వతారిష్టం వాడవచ్చునా అని అనేకులు అడుగుతారు. అరిష్టాలలో సహజంగా పుట్టే మద్యాంశం ఉంటుంది. ఈ వయసు పిల్లలకు దానిని అంగడిలో కొని సొంతంగా పట్టించడం తగదు. మేధ్యౌషధాలకు వాటి స్థానం వాటికి ఉన్నది, కాని ఒంటికాలి మీద నిలువడం నేర్పే ఔషధం ఏ గ్రంథంలోను లేదు. వైద్యుని సలహా కోరదలచినవారు బిడ్డ ఉదయం లేచినది మొదలు నిద్రించే వరకు ఏ పనులు తానే చేసుకుంటున్నదో, ఏవి ఇతరులు చేస్తున్నారో ఒక వారంపాటు కాగితం మీద వ్రాసి వెంట తీసుకువెళ్ళవలెను.